కాపీ రక్షణ ఉన్న పాటల సీడీలను రిప్ చేయడం: ముందు డిస్కు రకం, తరవాతే పని

2004లో మా అన్నయ్య లండన్ నుంచి వస్తూ ఒక పాటల సీడీ తెచ్చాడు. హాల్లో ఉన్న పాత ప్లేయర్‌లో అది ఏ ఇబ్బందీ లేకుండా మోగేది. కంప్యూటర్‌లో పెడితే మాత్రం డ్రైవు అరనిమిషం పాటు టకటకమని కొట్టుకుని, చివరికి పాటల జాబితాకు బదులు ఎన్నడూ చూడని ఒక ప్లేయర్ ప్రోగ్రామ్‌ను తెరిచేది. అందులో వినిపించే పాట, రేడియోలో స్టేషన్ సరిగ్గా తగలనట్టు పేలవంగా ఉండేది. ఆ డిస్కుకు కాపీ రక్షణ ఉందని అట్ట వెనక చీమ తలకాయలంత అక్షరాలలో రాసి ఉన్న సంగతి రెండు వారాల తరవాత గాని నా కంటబడలేదు. ఆ రెండు వారాలూ రిప్పింగ్‌కు, అంటే సీడీలోని పాటలను కంప్యూటర్‌లోకి ఫైళ్లుగా తీసుకోవడానికి, దొరికిన ప్రతి సాఫ్ట్‌వేర్‌నూ ఎక్కించి, ప్రతిదానినీ తిట్టుకున్నాను. నిజానికి తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. నా చేతిలో ఉన్నది ఏ రకం డిస్కో తెలుసుకోకుండానే పనిలోకి దిగాను.

అన్నిటినీ కలిపి కాపీ రక్షణ అంటున్నాం గాని, సుమారు 2001 నుంచి 2007 దాకా మార్కెట్లో తిరిగిన ఈ పద్ధతులలో రెండు జాతులు ఉన్నాయి. మొదటి జాతి, డిస్కు పెట్టగానే కంప్యూటర్‌లోకి ఒక సాఫ్ట్‌వేర్‌ను జొప్పించి, దాని చేత రిప్పింగ్‌ను అడ్డుకుంటుంది. డిస్కు మీది పాటలు మాత్రం మామూలుగానే ఉంటాయి. రెండో జాతి అడ్డుకునే పనిని సాఫ్ట్‌వేర్‌కు వదలకుండా, డిస్కు మీది రాతనే కావాలని వంకర చేసి డ్రైవును తికమకపెడుతుంది. మొదటి రకం ముందు మనం చేయవలసింది దాదాపు ఏమీ లేదు, ఆ సాఫ్ట్‌వేర్‌ను నడవనివ్వకపోతే చాలు. రెండో రకానికి ఓపిక, తగిన డ్రైవు, ఒక్కోసారి పాత టేప్ రికార్డర్ రోజుల పద్ధతి కూడా కావలసి వస్తాయి.

పనిలోకి దిగేముందు చట్టం సంగతి ఒక్క మాట. ఇక్కడ చెప్పేదంతా మీరు కొనుక్కున్న డిస్కును మీ సొంత వాడకానికి భద్రపరచుకోవడం గురించి మాత్రమే. భారత కాపీరైట్ చట్టం, 1957లోని 52వ సెక్షన్ సొంత వాడకం కోసం చేసే న్యాయమైన వినియోగాన్ని ఉల్లంఘనగా లెక్కించదు. 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదించడాన్ని రెండేళ్ల దాకా జైలు, జరిమానా పడే నేరంగా చేసింది. అంటే మన దేశంలో ఉద్దేశానికి విలువ ఉంది. విదేశాలలో ఉన్న తెలుగువారు మాత్రం తమ ఊరి చట్టాన్ని చూసుకోవాలి. అమెరికాలో 1998 నాటి డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం ఇంతకంటే బిగువైనది. జర్మనీలో సొంత కాపీ చేసుకోవచ్చు గాని, పనిచేస్తున్న రక్షణను దాటి చేసుకోవడం 2003 నుంచి కుదరదు. బ్రిటన్ 2014లో సొంత కాపీకి అనుమతి ఇచ్చి, 2015లో కోర్టు తీర్పుతో దానిని పోగొట్టుకుంది. రిప్ చేసిన ఫైళ్లను పంచిపెట్టడం, డిస్కును అమ్మేసి కాపీని దాచుకోవడం మాత్రం ఎక్కడున్నా చేయకూడని పనులు.

సీడీలో అసలు తాళం ఎందుకు లేదు

ఈ రక్షణలు ఎక్కడ తన్నుకుంటాయో అర్థం కావాలంటే సీడీ నిర్మాణం కొద్దిగా తెలిసి ఉండాలి. ఫిలిప్స్, సోనీ సంస్థలు 1980లో రెడ్ బుక్ పేరుతో ఖరారు చేసిన ప్రమాణం ప్రకారం సీడీలో ధ్వని సెకనుకు 44,100 శాంపిళ్ల (ధ్వని కొలతల) చొప్పున, ఒక్కో శాంపిల్ 16 బిట్లతో, రెండు ఛానెళ్లలో ఉంటుంది. ప్రతి సెకనూ 75 సెక్టార్లుగా, ఒక్కో సెక్టారు 2,352 బైట్లుగా విడగొట్టి, డిస్కు లోపలి అంచు నుంచి బయటి అంచుకు సాగే ఒకే చుట్టలో రాస్తారు. ఆ చుట్ట మొదట్లో, ఏ పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే విషయసూచిక ఉంటుంది. దానినే వాడుకలో టీఓసీ అంటారు. 1980లో ఇళ్లలో ఉన్న కంప్యూటర్లకు ఇంత సమాచారాన్ని దాచుకునే చోటే లేదు కాబట్టి, డిస్కుకు తాళం వేయాలన్న ఆలోచన ఆ ప్రమాణంలో ఎక్కడా కనబడదు.

ఇరవై ఏళ్ల తరవాత తాళం కావాలనుకున్న కంపెనీలకు వచ్చిన చిక్కు ఇదే. డిస్కు అప్పటికే కోట్ల ఇళ్లలో ఉన్న పాత ప్లేయర్లలో మోగి తీరాలి, కంప్యూటర్‌లో మాత్రం చదవరాకూడదు. రెండూ చదివేది అదే చుట్టను, అదే లేజర్‌తో. అందుకని పాత ప్లేయర్ పట్టించుకోనివి, కంప్యూటర్ డ్రైవు పట్టించుకునేవి ఏమున్నాయో వెతికి, అక్కడ వంకరలు పెట్టారు. మామూలు ప్లేయర్ మొదటి సెషన్ (సొంత విషయసూచికతో విడిగా రాసిన భాగం) విషయసూచిక ఒక్కటే చూసి తృప్తి పడుతుంది; కంప్యూటర్ డ్రైవు అన్ని సెషన్లనూ వెతికి, చివరిదానికి ఎక్కువ విలువ ఇస్తుంది. ప్లేయర్‌కు చదవరాని చోటు తగిలితే పక్కనున్న శాంపిళ్లను బట్టి ఆ ఖాళీని పూడ్చుకుని పాట సాగిస్తుంది. కంప్యూటర్ డ్రైవు కొన్ని సందర్భాలలో లోపాన్ని లోపంగానే అందిస్తుంది. రెండో జాతి రక్షణలన్నీ ఈ రెండు తేడాల మీద కట్టినవే.

డిస్కును పోల్చుకోవడం

మొదట అట్టనూ డిస్కునూ వెలుతురులో చూడండి. రెడ్ బుక్ ప్రమాణాన్ని పాటించని డిస్కుల మీద ‘కాంపాక్ట్ డిస్క్ డిజిటల్ ఆడియో’ అనే పాత ముద్ర వేయడానికి వీల్లేదని ఫిలిప్స్ 2002లోనే స్పష్టం చేసింది; కాబట్టి పెద్ద కంపెనీ డిస్కు మీద ఆ ముద్ర లేకపోతే అనుమానించవచ్చు. అయితే ముద్ర వేయడం మరిచిపోయిన మామూలు డిస్కులూ ఉంటాయి గనుక దీనిని సాక్ష్యంగా కాక సూచనగానే తీసుకోవాలి. ‘కాపీ కంట్రోల్డ్’ అన్న మాట గాని, కంప్యూటర్‌లో వాడడానికి ఫలానా విండోస్ ఉండాలన్న షరతు గాని అట్ట వెనక ఉంటే ఇక సందేహం అక్కరలేదు.

తరవాత డిస్కును తిరగేసి, ట్యూబ్‌లైటు కింద కొంచెం వాలుగా పట్టుకుని చూడండి. ఒకే సెషన్ ఉన్న డిస్కు లోపలి నుంచి రాత ముగిసే చోటు దాకా ఒకే నునుపుతో మెరుస్తుంది. రెండు సెషన్లు ఉన్నదానిలో బయటి అంచుకు దగ్గరగా, గాజు గాజుకూ మధ్య సందులాగా, సన్నని వలయం ఒకటి తేలికగా కనబడుతుంది. ఆ వలయానికి లోపల ఉన్నవి పాటలు. బయట ఉన్నది కంప్యూటర్ కోసం రాసిన భాగం. వలయం ఉన్నంత మాత్రాన రక్షణ ఉన్నట్టు కాదు. పాటలతో పాటు వీడియోలో, ఫొటోలో చేర్చిన ఎన్‌హాన్స్‌డ్ సీడీలు కూడా ఇలాగే ఉంటాయి. కాని మన ప్రశ్న ఎక్కడ తిరుగుతోందో తెలిసిపోతుంది.

తెలుగు సినిమా పాటల డిస్కులు రిప్ చేయాలనుకునేవారికి ఒక మాట. మన దుకాణాలలో ‘ఎమ్‌పీ3 సీడీ’ పేరుతో అమ్మినవి, యాభై అరవై పాటలు ఉన్నవి, అసలు పాటల సీడీలే కావు. అవి ఫైళ్లు ఉన్న డేటా డిస్కులు. వాటికి రిప్పింగ్ అక్కరలేదు, ఫైళ్లను కాపీ చేసుకుంటే సరి. రిప్ చేయవలసింది ప్లేయర్‌లో గంట, గంటంబావు మోగే అసలు ఆడియో సీడీలనే.

మొదటి జాతి: సాఫ్ట్‌వేర్‌ను జొప్పించేవి

ఈ జాతిలో పేరుపడ్డవి రెండు: అమెరికాలోని సన్‌కామ్ తయారుచేసిన మీడియామాక్స్, బ్రిటన్‌లోని ఫస్ట్ 4 ఇంటర్నెట్ తయారుచేసిన ఎక్స్‌సీపీ. రెండూ విండోస్‌లోని ఆటోరన్ సదుపాయాన్ని నమ్ముకుని బతికేవి. డిస్కు పెట్టగానే రెండో సెషన్‌లోని ప్రోగ్రామ్ దానంతటదే నడిచి, డ్రైవుకూ రిప్పింగ్ సాఫ్ట్‌వేర్‌కూ నడుమ కూర్చుంటుంది. 2003లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్న జె. అలెక్స్ హాల్డర్‌మన్, డిస్కు పెట్టేటప్పుడు కీబోర్డు మీది షిఫ్ట్ మీటను నొక్కి ఉంచితే మీడియామాక్స్ అసలు మేలుకోదని రాశారు. ఆ కంపెనీ ఆయన మీద కోటి డాలర్లకు దావా వేస్తామని ప్రకటించి, వెంటనే వెనక్కి తగ్గింది. ఒక మీట నొక్కితే ఊడిపోయే తాళానికి కోటి డాలర్ల విలువ కట్టడం చూసి అప్పట్లో నవ్వుకోనివారు లేరు.

2005లో వచ్చిన ఎక్స్‌సీపీ వ్యవహారం మాత్రం నవ్వులాట కాదు. సోనీ బీఎంజీ విడుదల చేసిన 52 ఆల్బమ్‌లలో అది ఉంది. మార్క్ రసినోవిచ్ అనే విండోస్ నిపుణుడు అది తనను తాను దాచుకునే రూట్‌కిట్ అని 2005 అక్టోబర్ 31న బయటపెట్టారు. డాలర్ గుర్తు, ఎస్, వై, ఎస్, మళ్లీ డాలర్ గుర్తుతో పేరు మొదలయ్యే ఏ ఫైలునైనా అది కంటికి కనబడకుండా చేసేది. దాని చాటున వైరస్‌లు కూడా దాక్కోవడం మొదలుపెట్టాయి. సుమారు రెండు వారాలకే కంపెనీ ఆ డిస్కులను వెనక్కి పిలిపించుకోవలసి వచ్చింది.

కాబట్టి ఈ రకం డిస్కుల విషయంలో మొదటి పని, డిస్కు పెట్టకముందే ఆటోప్లేను ఆపేయడం. విండోస్ సెట్టింగ్స్‌లో ఆటోప్లే పేజీకి వెళ్లి, పైనున్న స్విచ్‌ను పూర్తిగా ఆఫ్ చేయండి. అది చేసినా అలవాటుగా షిఫ్ట్ మీటను నొక్కి ఉంచి డిస్కు పెట్టండి. ట్రే మూసుకోగానే వదిలేయకుండా, డ్రైవు దీపం మినుకుమినుకుమనడం పూర్తిగా ఆగేదాకా పట్టుకోండి. నాకు ఒకసారి పది సెకన్లకే వేలు జారింది, ప్రోగ్రామ్ తెరుచుకుంది. అలా తెరుచుకుంటే ఒప్పందం చూపించే కిటికీలో ‘ఒప్పుకోను’ అని నొక్కి ఊరుకోకండి. మీడియామాక్స్ ఒప్పుకోకపోయినా కొన్ని ఫైళ్లను కంప్యూటర్‌లో పెట్టేసేదని హాల్డర్‌మన్ తరవాతి పరిశోధనలో తేలింది. వెంటనే డిస్కును బయటికి తీయడం మేలు.

ఇంతకంటే నిశ్చింతైన దారి, విండోస్‌కు బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్. ఉబుంటు వంటిదాన్ని ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దానితో కంప్యూటర్‌ను మొదలుపెడితే, విండోస్ కోసం రాసిన ఈ ప్రోగ్రామ్‌లకు నడవడానికి చోటే ఉండదు. డిస్కు మామూలు పాటల సీడీలా కనబడుతుంది. ఈ జాతి డిస్కులను నేను ఇప్పుడు లైనక్స్‌లో తప్ప తెరవను.

అటక మీది పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్‌లో ఎప్పుడో ఇలాంటి డిస్కు పెట్టిన గుర్తు ఉంటే, ఎక్స్‌సీపీ ఉందో లేదో తేల్చుకునే పరీక్ష ఒకటి ఉంది. డెస్క్‌టాప్ మీద ఒక ఖాళీ ఫైలు చేసి, పైన చెప్పిన డాలర్ గుర్తుల పేరును దాని ముందు పెట్టండి. ఫైలు కళ్లముందే మాయమైతే ఆ రూట్‌కిట్ అక్కడ కాపురం ఉన్నట్టే. కంపెనీ అప్పట్లో ఇచ్చిన తొలగింపు సాధనం కొత్త కన్నం పెట్టింది గనుక దానిని వాడవద్దు. ఫైళ్లను వేరే చోటికి తీసుకుని, విండోస్‌ను మొదటి నుంచి ఎక్కించుకోవడమే శుభ్రమైన పని. నేటి 64 బిట్ విండోస్‌లలో ఆ పాత 32 బిట్ డ్రైవర్ ఎక్కదు.

రెండో జాతి: రాతనే వంకర చేసేవి

ఇజ్రాయెల్‌లోని మిడ్‌బార్ టెక్ తయారుచేసిన కాక్టస్ డేటా షీల్డ్, సోనీ డీఏడీసీ తయారుచేసిన కీ2ఆడియో ఈ జాతికి చెందుతాయి. మా అన్నయ్య తెచ్చిన డిస్కు ఈ బాపతుదే.

ముందు ఒక జాగ్రత్త. 2002లో యూరప్‌లో కీ2ఆడియోతో విడుదలైన సెలీన్ డియాన్ ఆల్బమ్ ఒకటి ఆపిల్ ఐమాక్‌లలో పెడితే కంప్యూటర్ స్తంభించి, డిస్కు లోపలే చిక్కుకుపోయేది. అందుచేత ఇలాంటి డిస్కును, నోట్లోకి మింగినట్టు లాక్కునే సన్నని డ్రైవులలో పెట్టకండి. ముందు వైపు గుండుసూది బెజ్జం ఉన్న ట్రే డ్రైవులోనే పెట్టండి. ఇరుక్కుంటే కంప్యూటర్ ఆపేసి, నిటారుగా చేసిన పేపర్ క్లిప్‌ను ఆ బెజ్జంలో మెల్లగా నెడితే ట్రే బయటికి వస్తుంది.

కీ2ఆడియో డిస్కులలో బయటి అంచున ఒక దొంగ డేటా ట్రాకు ఉండేది. కంప్యూటర్ ముందుగా దాని దగ్గరికి పోయి దారి తప్పేది. 2002లో ఆ దొంగ ట్రాకు సంగతి పసిగట్టినవారు, దాని వలయం మీద మార్కర్ పెన్నుతో గీస్తే లేజర్‌కు ఆ ట్రాకు కనబడక, డ్రైవు తిన్నగా పాటల దగ్గరికి వస్తుందని చూపించారు. వార్తలలో బాగా తిరిగిన ఉపాయమే గాని నేను ఎవరికీ చెప్పను. మిల్లీమీటరు లోపలికి జారితే చివరి పాట పోతుంది. వలయం మీద టేపు అతికించడం ఇంకా ప్రమాదం. డ్రైవులో డిస్కు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది, టేపు ఊడితే లేజర్‌కు చుట్టుకుంటుంది.

డిస్కును ముట్టుకోకుండా అదే ఫలితాన్ని రాబట్టే మార్గం, మొదటి సెషన్‌ను మాత్రమే చదవమని అడగడం. లైనక్స్‌లోని సీడీఆర్‌డీఏఓ అనే సాధనానికి ఏ సెషన్ చదవాలో అంకెతో చెప్పవచ్చు. ఒకటి అని ఇస్తే అది ఆ సెషన్ విషయసూచికనే పట్టుకుని పని చేస్తుంది. ఇక్కడ డ్రైవు కూడా సహకరించాలి. డ్రైవుకు డ్రైవుకు గుణం వేరు. ఒకటి నిలబెట్టి నిరాకరించిన డిస్కును మరొకటి గుటుక్కున చదివేస్తుంది. నా దగ్గర వేరు వేరు కంపెనీల డీవీడీ రైటర్లు మూడు ఉన్నాయి. మా అన్నయ్య డిస్కును మొదటి రెండూ తిప్పికొట్టాయి, పాత సామాను దుకాణంలో నూట యాభై రూపాయలకు కొన్న మూడోది ఒక్క పాట వదలకుండా జాబితా చూపించింది. అందువల్ల ఒక డ్రైవులో రాలేదని ఆశ వదులుకోకండి. ఇరుగుపొరుగువారి పాత కంప్యూటర్లలో ఉన్నవాటిలో కూడా పెట్టి చూడండి.

చదవడం, సరిచూడడం

పాటల జాబితా కనబడిన తరవాత పని, మామూలు డిస్కును శ్రద్ధగా రిప్ చేయడం ఎలాగో అలాగే. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, మాక్‌లో ఎక్స్‌ఎల్‌డీ, లైనక్స్‌లో సీడీ పారనోయా గాని దాని మీద కట్టిన విప్పర్ గాని సరిపోతాయి. ఎగ్జాక్ట్ ఆడియో కాపీని ఉచితంగా దించుకోవచ్చు. నేను ఎక్కువగా వాడేది అదే కాబట్టి దానిని బట్టి చెబుతాను.

డ్రైవు ఎంపికలలో చదివే పద్ధతిని సెక్యూర్ మీద ఉంచండి. ఈ పద్ధతిలో సాఫ్ట్‌వేర్ ప్రతి సెక్టారునూ కనీసం రెండుసార్లు చదివి పోల్చి చూస్తుంది. రెండూ కలవకపోతే పదహారేసి సార్ల చొప్పున మళ్లీ మళ్లీ చదివి, ఎక్కువసార్లు వచ్చిన జవాబును ఒప్పుకుంటుంది. కష్టమైన చోట ఒక్క సెక్టారును 82 సార్ల దాకా చదవవచ్చు. డ్రైవు తాను చదివినది కాష్ అనే తాత్కాలిక నిల్వలో దాచుకుంటుందని చెప్పే గడిని టిక్ చేయండి. లేకపోతే రెండోసారి డిస్కు నుంచి కాక కాష్ నుంచే జవాబు వచ్చి, పోలిక వట్టిదవుతుంది. డ్రైవు సరిగా చదవలేకపోయిన చోట్లను తెలిపే సీ2 లోపాల సమాచారాన్ని వాడుకునే గడిని మాత్రం ఈ రకం డిస్కులకు ఖాళీగా వదిలేయండి. కాక్టస్ వంటి రక్షణలు కావాలని పెట్టినవి ఆ లోపాలే; డ్రైవు వాటిని ఎత్తిచూపుతూ పోతే పని ముందుకు సాగదు, ఎత్తిచూపకుండా ప్లేయర్‌లాగా పూడ్చుకుంటే పాట వస్తుంది.

వేగం తగ్గించండి. 48 రెట్ల వేగంతో చప్పుడు చేస్తూ తిరిగే డ్రైవును 4 లేదా 8 రెట్లకు దించితే, గంట పాటల డిస్కుకు పదిహేను నిమిషాలో అరగంటో, మళ్లీ మళ్లీ చదవవలసి వస్తే రెండు గంటలో పడుతుంది. రాత్రి అన్నం తినేముందు మొదలుపెట్టి పడుకునేముందు చూసుకోవడం నాకు అలవాటు. ఒక్క పాటకే అరగంట దాటితే డ్రైవుకు విశ్రాంతి ఇవ్వండి. వేడెక్కిన డ్రైవు ఇంకా తప్పులు చేస్తుంది.

రిప్ మొదలుపెట్టేటప్పుడు ‘టెస్ట్ అండ్ కాపీ’ని ఎంచుకోండి. పాటను ఒకసారి పరీక్షకు, ఒకసారి కాపీకి చదివి, రెండింటికీ, చదివిన సమాచారం నుంచి లెక్కగట్టిన ఎనిమిది అక్షరాల సీఆర్‌సీ సంఖ్య వేస్తుంది. సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే నివేదిక, అంటే లాగ్ ఫైలులో ఆ రెండు సంఖ్యలూ ఒకటే అయి, కింద ‘కాపీ ఓకే’ అని ఉంటే ఆ పాట గురించి నిశ్చింతగా ఉండవచ్చు. దానికి మరో సాక్షి యాక్యురేట్‌రిప్. అదే డిస్కును ప్రపంచంలో ఇతరులు రిప్ చేసినప్పుడు వచ్చిన ఫలితాలతో మనదానిని పోలుస్తుంది. ఈ పోలిక కుదరాలంటే ముందుగా డ్రైవు ఆఫ్‌సెట్‌ను సరిచేసుకోవాలి. ఒక్కో మోడల్ డ్రైవు పాట మొదలును కొన్ని శాంపిళ్లు ముందో వెనకో పట్టుకుంటుంది. కొన్నిటికి 6, కొన్నిటికి 30, కొన్నిటికి 667. ఆ 667 కూడా సెకనులో వందో వంతున్నర మాత్రమే కాబట్టి చెవికి తెలియదు, కాని పోలికలో ఒక్క శాంపిల్ తేడా వచ్చినా సంఖ్య మారిపోతుంది. అందరికీ తెలిసిన ఒక మామూలు డిస్కును పెడితే సాఫ్ట్‌వేరే ఆఫ్‌సెట్‌ను కనుక్కుంటుంది.

ఇక్కడ రెండో జాతి డిస్కులతో ఒక మెలిక ఉంది. కావాలని పెట్టిన లోపాలను ఒక్కో డ్రైవు ఒక్కో తీరుగా పూడ్చుకుంటుంది గనుక, పాట వినడానికి శుభ్రంగా ఉన్నా యాక్యురేట్‌రిప్‌లో ఎవరితోనూ కలవకపోవచ్చు. అప్పుడు సంఖ్యలను వదిలి చెవిని నమ్మాలి. లాగ్‌లో అనుమానమని చూపించిన నిమిషం, సెకను చూసుకుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ చోటికి అయిదు సెకన్ల ముందు నుంచి వినండి. చిటపటమన్న శబ్దం లేకపోతే ఒప్పుకోండి. ఉంటే అదే పాటను మరో డ్రైవులో తీసి, రెండింటిలో మేలైనదాన్ని ఉంచుకోండి.

ఏ డ్రైవూ ఒప్పుకోనప్పుడు

ఎన్ని వంకరలు పెట్టినా ఈ డిస్కు ప్లేయర్‌లో మోగక తప్పదు. మోగేదానిని రికార్డు చేసుకోకుండా ఆపే డిస్కు ఇంతవరకు రాలేదు. ఆప్టికల్ అవుట్ ఉన్న ప్లేయరూ, ఆప్టికల్ ఇన్ ఉన్న సౌండ్ కార్డూ దొరికితే రెండింటినీ ఒక తీగతో కలిపి, ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రాజెక్టు రేటును 44,100 మీద పెట్టి రికార్డు చేయండి. అంకెలు అంకెలుగానే వస్తాయి. రేటు 48,000 మీద ఉండిపోతే కంప్యూటర్ మధ్యలో మార్పిడి చేస్తుంది, కాబట్టి విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో కూడా అదే అంకె ఉందో లేదో చూసుకోండి.

ఆప్టికల్ లేకపోతే ప్లేయర్ వెనకాల ఉండే ఎరుపు, తెలుపు గుబ్బల నుంచి కంప్యూటర్ లైన్ ఇన్‌లోకి తీగ కలపండి. మైక్ బెజ్జంలో పెట్టకండి. అక్కడ శబ్దం పగిలిపోతుంది. డిస్కులో అన్నిటికంటే గట్టిగా మోగే చోటును ముందు ఒకసారి ఆడించి, మీటర్ ముల్లు సున్నాకు మూడు నాలుగు డెసిబెల్స్ కింద ఆగేలా స్థాయిని సరిచేసి, 24 బిట్లలో రికార్డు చేయండి. క్యాసెట్ల నుంచి క్యాసెట్లకు ఎక్కించుకున్న తరం వారికి ఇదంతా చేతి అలవాటే. గంట డిస్కుకు గంట పడుతుంది, పాటలను విడగొట్టడానికి మరో అరగంట. నాణ్యత రిప్ కంటే ఒక పిసరు తగ్గుతుంది. కారులో వింటే తేడా తెలియదు.

ఫైళ్లు, పేర్లు

ఫైళ్లను ఫ్లాక్ రూపంలో దాచుకోండి. గంట డిస్కు 635 మెగాబైట్లు ఉంటుంది; ఫ్లాక్ ఒక్క బిట్టు కూడా పోగొట్టకుండా దానిని దాదాపు సగానికి తెస్తుంది. ఫోనుకు ఎమ్‌పీ3 కావాలంటే ఫ్లాక్ నుంచి ఎప్పుడైనా చేసుకోవచ్చు, వెనక్కి మాత్రం రాలేము.

పాటల పేర్లకు అప్పట్లో అందరూ వాడిన ఫ్రీడీబీ 2020లో మూతపడింది. ఇప్పుడు మ్యూజిక్‌బ్రెయిన్జ్ దిక్కు. తెలుగు డిస్కుల విషయంలో అది ఇచ్చేదాన్ని కళ్లు మూసుకుని ఒప్పుకోవద్దు. మనవాళ్లు రెండు సినిమాల పాటలు ఒకే డిస్కులో వేసి అమ్మేవారు. అలాంటప్పుడు రెండో సినిమా పాటలకు కూడా మొదటి సినిమా పేరే తగిలి ఉంటుంది. ఫ్లాక్ పేర్లు యూనికోడ్‌లో ఉంటాయి కాబట్టి తెలుగు లిపిలోనే రాసుకోవచ్చు, అయితే కారులోని పాత స్టీరియో వాటిని గడులుగా చూపిస్తుంది. నేను ఫైలు పేరును ఇంగ్లీషు అక్షరాలలో, లోపలి ట్యాగును తెలుగులో ఉంచుతాను.

లాగ్ ఫైలును పాటల పక్కనే అదే ఫోల్డర్‌లో ఉంచి, ఏ డ్రైవుతో తీశారో ఒక వాక్యం రాసిపెట్టుకోండి. మా అన్నయ్య డిస్కు లాగ్‌లో పన్నెండు పాటలకు పదకొండింటికి ‘కాపీ ఓకే’ ఉంది. ఏడో పాటలో మూడో నిమిషం దగ్గర చిన్న చిటుక్కు మిగిలిపోతే, ఆ ఒక్క పాటనూ హాల్లోని ప్లేయర్ నుంచి తీగ పెట్టి తీసుకున్నాను.